రంగులరాట్నం మళ్లీ తిరిగింది!

వేసవి సెలవుల్లో ఓ రోజు. పిల్లలకు పండగ, పెద్దలకు ఖర్చు... అంతేగా అనుకునేవారు అందరూ. కరోనా వచ్చి పార్కుల గేట్లకు తాళాలు పడ్డాకే తెలిసింది, ఆ ఒక్కరోజు విలువ ఎంతో!

తెల్లవారుజామున నాలుగు గంటలు. అంగళ్లులో ఇంకా కోడి కూయలేదు. ఆ ఇంట్లో మాత్రం లైట్లన్నీ వెలిగిపోతుంటాయి. అమ్మ చిత్రాన్నం కలిపి స్టీలు డబ్బాలకెత్తుతుంటుంది. పెరుగన్నంలో అవ్వ రెండు గరిటెలు పాలు ఎక్కువే పోస్తుంది, మధ్యాహ్నానికి పులవకుండా ఉండాలని. రోజూ ఏడైనా దుప్పటి వదలని బుడ్డోడు అందరికంటే ముందే స్నానం చేసేసి, చెప్పులు కూడా వేసుకుని గడపలో కూర్చుంటాడు. ‘వ్యాను ఎప్పుడొస్తుంది నాయనా?’... అప్పటికి పదోసారి!

ఇంతకీ ఎక్కడికా ప్రయాణం? బెంగళూరు దాటాక మైసూరు రోడ్డులో, బిడది దగ్గరున్న వండర్‌లాకి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలకు థీమ్‌పార్కు అంటే ముందు గుర్తొచ్చేది అదే. రామోజీ ఫిల్మ్‌సిటీ చూడాలంటే హైదరాబాద్‌ దాకా వెళ్లాలి. బెంగళూరైతే మదనపల్లె నుంచి సుమారు 120 కిలోమీటర్లే. చీకటితో బయల్దేరి చింతామణి, హొసకోట మీదుగా వెళితే గేట్లు తెరిచే వేళకి అక్కడుండొచ్చు. కుప్పం వాళ్లకైతే రైలే ఉంది. 2005లో బిడదిలో ఆ పార్కు మొదలైనప్పట్నుంచీ ఈ దారిలో ఎన్ని వ్యాన్లు, ఎన్ని స్కూలు బస్సులు వెళ్లాయో! టమోటా పండించే ఇళ్లలో దీనికో లెక్క కూడా ఉంటుంది. మార్కెట్లో ధర పలికిన ఏడాది వండర్‌లా... పలకని ఏడాది హార్సిలీకొండ!

అలాంటి ప్రయాణమే 2020 వేసవికీ చాలా ఇళ్లలో ఖాయమైపోయింది. పరీక్షలు అయిపోవడమే తరువాయి. అంతలోనే...

ఊరూవాడా తాళం

ముందుగా 2020 జనవరి 25న చైనాలోని షాంఘై డిస్నీల్యాండ్‌ మూతపడింది. ఫిబ్రవరి 29న టోక్యోలో. మార్చి 14న కాలిఫోర్నియాలో. ఆ చివరిది వాల్ట్‌డిస్నీ 1955లో కట్టిన మొట్టమొదటి డిస్నీల్యాండ్‌. అనుకోని కారణాలతో అది రోజంతా మూతపడిన సందర్భాలు అంతకుముందు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 1963లో అధ్యక్షుడు కెనడీ హత్యకు గురైనప్పుడూ, 2001 సెప్టెంబరు 11 దాడుల రోజూ అలాగే మూశారు. కరోనా మాత్రం ఏకంగా 13 నెలలు తాళం వేయించింది. ఆ గేటు మళ్లీ తెరుచుకున్నది 2021 ఏప్రిల్‌ 30న!

ఇక్కడ మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. ఏడుకొండల వాడి దర్శనమే ఆగిపోతే ఇక రంగులరాట్నం ఓ లెక్కా! 22న జనతా కర్ఫ్యూ. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్‌. పార్కులు, సినిమాహాళ్లు, జూలు, జాతర్లు... నలుగురు చేరే చోటల్లా తలుపులు మూసుకున్నాయి. మదనపల్లె నుంచి కర్ణాటకలోకి దాటే చీకలబైలు చెక్‌పోస్టు, అంతవరకూ వ్యాను కిటికీలోంచి పిల్లలు చేతులూపే చోటు, ఒక్కసారిగా సరిహద్దులా మారిపోయింది. కర్ణాటకకు ఆర్టీసీ బస్సులు మళ్లీ కదిలింది జూన్‌ 17న.

ఆ రోజుల్లో ‘పార్కుకి వెళ్లలేకపోయాం’ అని ఎవరైనా అంటే నవ్విపోయేవారేమో. ఊపిరి దక్కితే చాలనుకుంటున్న కాలమది. అందుకే పిల్లలు కూడా పెద్దగా మారాం చేయలేదు. ‘కరోనా పోయాక వెళ్దాం’ అంటే తలాడించి ఊరుకున్నారు. అలా ఊరుకోవడమే పెద్దల్ని ఎక్కువ బాధపెట్టింది.

అందరూ ఇంట్లోనే... అయినా వెలితి!

పిల్లలు ఊరికే ఉంటారా! అమ్మ పాతచీర దూలానికి కట్టి ఉయ్యాల చేశారు. మంచానికి పలక ఆనించి జారుడుబల్ల చేశారు. పెరట్లో నీళ్లతొట్టే వేవ్‌పూల్‌. మధ్యాహ్నాలు ఆన్‌లైన్‌ క్లాసు అయిపోగానే అదే ఫోన్లో రోలర్‌కోస్టర్‌ వీడియోలు. పాత ఫొటోలు తీసి ‘ఇక్కడ చూడు, నాయన కళ్లు మూసుకున్నాడు’ అంటూ నవ్వులు.

చిత్రమేమిటంటే, ఇంటిల్లిపాదీ అన్ని నెలలు ఒక్కచోట ఉండటం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలూ తిరిగొచ్చారు. రోజూ అందరూ కళ్లెదుటే ఉన్నారు. మరి లోటేమిటి?

ఒకే ఇంట్లో ఉండటం వేరు. కలిసి ఒక రోజు గడపడం వేరు. ఇంట్లో ఉన్నంతసేపూ అమ్మ పొయ్యి దగ్గరే. లాక్‌డౌన్‌లో అయితే పూటకి పదిమందికి వంట. నాన్న మనసంతా కోతకొచ్చిన పంట మీదో, రాని జీతం మీదో. అన్న ఓ గదిలో ఫోనుతో, చెల్లి ఇంకో గదిలో. అదే పార్కుకి వెళ్లిన రోజున పొయ్యి లేదు, పొలం లేదు, ఆఫీసు లేదు. ‘తర్వాత ఏది ఎక్కుదాం?’ అన్నదొక్కటే ఇంటిల్లిపాదికీ సమస్య! పొద్దున్నుంచి రాత్రిదాకా అందరూ ఒకే పనిలో ఉండే రోజు మామూలు కుటుంబానికి ఏడాదిలో ఎన్నొస్తాయి? పెళ్లిలోనూ పండగలోనూ ఎవరి పని వారిదే. టికెట్‌ డబ్బులు పెట్టి ఇన్నాళ్లూ కొనుక్కుంటున్నది రైడ్లను కాదు, ఆ రోజునే అని అప్పుడు తెలిసొచ్చింది.

తెరిచారు... ఎవరి కోసం?

ఎమ్యూజ్‌మెంట్‌ పార్కులు తెరుచుకోవచ్చంటూ కేంద్రం అనుమతించింది 2020 అక్టోబరు 15 నుంచి. దీపావళికి ముందురోజు, నవంబరు 13న బెంగళూరు వండర్‌లా గేట్లు తెరిచింది. 2021 ఫిబ్రవరి 18న రామోజీ ఫిల్మ్‌సిటీ. మాస్కులు, శానిటైజర్లు, క్యూలో నేలమీద గుండ్రటి గుర్తులు, ప్రతి రౌండుకీ సీట్లు తుడవడాలు...

అంతా బాగానే ఉంది కానీ, నిబంధనల్లో ఓ మాట ఉంది. 65 ఏళ్లు దాటినవారు, పదేళ్లలోపు పిల్లలు ఇంట్లోనే ఉండటం మేలని. అంటే అవ్వ రాకూడదు. బుడ్డోడు రాకూడదు. మరి వెళ్లేదెవరు? ఎవరి కళ్లల్లో వెలుగు చూడాలని అంతదూరం వెళతారో వాళ్లే లేకుండా పార్కుకెళ్లి ఏం చేయాలి! అందుకే గేట్లు తెరిచినా చాలా కుటుంబాలు కదల్లేదు. కదులుదాం అనుకునేసరికి 2021 ఏప్రిల్లో రెండో వేవ్‌. మళ్లీ తాళాలు. ఫిల్మ్‌సిటీ సందర్శకుల్ని తిరిగి పిలిచింది ఆ ఏడాది అక్టోబరు 8న.

జపాన్‌లో ఇంకో విచిత్రం. తుంపర్లతో వైరస్‌ వ్యాపిస్తుందని రోలర్‌కోస్టర్ల మీద కేకలు వేయొద్దన్నారు. ఫుజీ పర్వతం దగ్గరున్న ఫుజీ-క్యూ హైలాండ్‌ పార్కు 2020లో ఓ వీడియో విడుదల చేసింది. సూటూబూటూ వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు మాస్కులు పెట్టుకుని, నోరు మెదపకుండా, కళ్లైనా ఆర్పకుండా రోలర్‌కోస్టర్‌ ఎక్కి దిగుతారు. ‘కేకలు మనసులోనే వేసుకోండి’ అన్నది చివర్లో సందేశం. ప్రపంచమంతా నవ్వుకుంది. కానీ ఆ ఏడాది ఎవరు మాత్రం కేకలు మనసులో దాచుకోలేదు!

మూతపడిన పార్కంటే నిద్రపోతున్న పార్కు కాదు. రైడ్లను అలాగే వదిలేస్తే తుప్పు పడతాయి, బేరింగులు బిగుసుకుపోతాయి. అందుకే మనుషుల్లేకుండానే తిప్పుతుండాలి. బరువులు పెట్టి పరీక్షించాలి. ఖాళీ సీట్లతో గుండ్రంగా తిరిగే జెయింట్‌ వీల్‌... ఊహించుకుంటేనే మనసు అదోలా అయిపోతుంది. ఆదాయం లేని ఖర్చు. వండర్‌లా సంస్థకు 2020-21లో దాదాపు 50 కోట్ల రూపాయల నష్టం వచ్చింది. పెద్ద సంస్థ కాబట్టి తట్టుకుంది. జాతర నుంచి జాతరకు రంగులరాట్నం లారీలో వేసుకుని తిరిగేవాళ్ల పరిస్థితి? కుప్పంలో, తిరుపతిలో గంగమ్మ జాతర్లంటే వేసవిలోనే. సరిగ్గా ఆ వేసవులే పోయాయి.

ఆ పన్నెండు సెంటీమీటర్లు!

పార్కుల్లో రైడ్‌ ముందు ఎత్తు కొలిచే బోర్డు ఒకటి ఉంటుంది. వండర్‌లాలో 85 నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తుంటేనే పిల్లల టికెట్‌. అది దాటితే పెద్దల టికెట్టే. బడికెళ్లే వయసు పిల్లలు ఏడాదికి సుమారు ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. 2020లో 130 సెంటీమీటర్లున్న పిల్లాడు 2022 వేసవికి వెళ్లేసరికి 142!

నిరుడో అటునిరుడో ‘అమ్మా, నేను ఆ రైలెక్కుతా’ అని ఏడ్చినవాడు ఇప్పుడు దాన్ని చూసి ‘చిన్నపిల్లల ఆట’ అంటాడు. లాక్‌డౌన్‌ నాటికి ఎనిమిదో తరగతిలో ఉన్న అమ్మాయి పదో తరగతి రాసేసి ఉంటుంది. ఇక ఆ పిల్లకు స్నేహితురాళ్లతో వెళ్లాలని ఉంటుంది కానీ, నాన్న చెయ్యి పట్టుకుని కాదు. అందులో తప్పులేదు. పిల్లలు పెరగాలి. కానీ ఆ రెండు వేసవులు మాత్రం ఎవరూ తిరిగి తెచ్చివ్వలేరు.

అంతకంటే పెద్దలోటున్న ఇళ్లూ ఉన్నాయి. గతంలో ఐదుగురు వెళ్లిన చోటికి నలుగురే వెళ్లాల్సి వచ్చింది. సామాన్ల దగ్గర చెట్టుకింద కూర్చుని, తడిసొచ్చిన పిల్లల తల తువ్వాలుతో తుడిచే మనిషి లేదు. ‘నాకెందుకురా అంత ఖర్చు, మీరు పోయిరండి’ అంటూనే అందరికంటే ముందు కొత్తచీర కట్టుకునే మనిషి లేదు. పార్కు గేటు మళ్లీ తెరుచుకుంటుంది. కొన్ని తెరుచుకోవు.

‘వచ్చే ఏడాది చూద్దాంలే’ పోయింది

జనం మళ్లీ వచ్చారు. మామూలుగా కాదు! బెంగళూరు, కోచి, హైదరాబాద్‌... మూడు వండర్‌లాలకూ కలిపి 2022-23లో సుమారు 33 లక్షల మంది వెళ్లారు. అంతకుముందెన్నడూ అంతమంది రాలేదు. 2025 డిసెంబరులో చెన్నై దగ్గర కూడా కొత్త పార్కు మొదలైంది. చిత్తూరు వైపు వాళ్లకు ఇంకో దారి దొరికింది.

అంకెల సంగతి అలా ఉంచితే, వెళ్లే తీరు కూడా చాలా ఇళ్లలో మారింది. ఒకప్పుడు సంచుల కాపలాకి కూర్చుండిపోయే నాన్న ఇప్పుడు తానూ లుంగీ మార్చి ఈతదుస్తుల్లో నీళ్లలోకి దిగుతున్నాడు. అవ్వాతాతల్ని ‘అంతదూరం ఎందుకులే’ అని ఇంట్లో వదిలేయకుండా, మోకాళ్ల నొప్పులుంటే చక్రాల కుర్చీలోనైనా తీసుకెళుతున్నారు. వేవ్‌పూల్‌ గట్టున కూర్చుని, చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, పాదాలు తడుపుకుంటూ నవ్వే అవ్వను చూస్తే చాలు, టికెట్‌ డబ్బులు వచ్చేసినట్టే! అప్పట్లో గంటసేపు క్యూ అంటే విసుగు. ఇప్పుడు ఆ గంటలోనే కబుర్లు. పక్కవాడి భుజం తగిలితే చిరాకుపడేవాళ్లే, ఆరడుగుల దూరం రోజులు గుర్తొచ్చి సర్దుకుంటున్నారు.

అందరికీ బెంగళూరు ప్రయాణం వీలుపడకపోవచ్చు. నలుగురు వెళ్లాలంటే టికెట్లు, వ్యాను, తిండి కలిపి వేలల్లోనే. అంగళ్లు వాళ్లకు ఆ దిగులు లేదు. మదనపల్లె నుంచి హార్సిలీకొండకు వెళ్లేవాళ్లు వీళ్ల ఊరి మీదుగానే పోవాలి! నాలుగువేల అడుగులకు పైగా ఎత్తు. ఏనుగు మల్లమ్మకొండ దాని అసలు పేరు. కడప కలెక్టరుగా చేసిన హార్సిలీ దొర ఎండలకు తాళలేక అక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆ పేరు స్థిరపడింది. గాలిబండ మీద నిలబడితే వీచే గాలికి టికెట్‌ లేదు. అవ్వ కట్టిచ్చిన చిత్రాన్నం ఎక్కడ తిన్నా చిత్రాన్నమే. కావాల్సింది ఆ రోజు. అందరూ ఉన్న రోజు.

రాత్రి పదకొండు. వ్యాను చీకలబైలు దాటింది. వెనక సీట్లో తడిబట్టల సంచి, ఖాళీ డబ్బాలు. అవ్వ ఒళ్లో తలపెట్టి బుడ్డోడు గాఢనిద్రలో ఉంటాడు. చేతికి కట్టిన కాగితప్పట్టీ తీయనివ్వలేదు, రేపు బళ్లో చూపించాలట! ఇంటి ముందు దించుతుంటే సగం కళ్లు తెరిచి అడుగుతాడు, ‘మళ్లీ ఎప్పుడు నాయనా?’

ఇదివరకైతే దానికి ఒకటే జవాబు, ‘చూద్దాంలే’ అని. ఇప్పుడు నాన్న ఓ క్షణం అవ్వ వంక చూసి అంటాడు, ‘దసరాకి’!

వెళుతున్నారా...

* సెలవురోజుల్లో, వేసవిలో రద్దీ ఎక్కువ. వీలైతే వారం మధ్యలో పెట్టుకోండి.

* పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలుచుకోండి. ఏ టికెట్టో, ఏ రైడ్లు ఎక్కనిస్తారో ముందే చెబితే అక్కడికెళ్లాక ఏడుపులుండవు.

* నీళ్ల ఆటలకు నూలు బట్టలు పనికిరావు. నైలాన్‌ ఈతదుస్తులు వెంట ఉంచుకోండి.

* బయటి తిండి లోపలికి తీసుకెళ్లనివ్వని పార్కులున్నాయి. దారిలోనే ఓ చెట్టు నీడ చూసుకుని డబ్బాలు విప్పేయండి.

* గుండెజబ్బు, రక్తపోటు, నడుంనొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు వేగంగా తిరిగే రైడ్ల జోలికి పోవద్దు. పెద్దలకు టికెట్‌లో రాయితీ ఉందేమో కనుక్కోండి.

* ఇంటిల్లిపాదీ ఉన్న ఫొటో ఒక్కటైనా తీయించుకోండి. ఫోను పట్టుకున్న మనిషి కూడా అందులో ఉండాలి సుమా!