రెండు గంటలకోసారి తిప్పేదెవరు?

మిరప కోతల రోజుల్లో కంభం చుట్టుపక్కల ఊళ్లలో కూలికి వెళ్లే ఆడవాళ్లు పొద్దున ఇల్లు వదిలితే మళ్లీ సాయంత్రానికే చేరతారు. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన మామ ఉంటే, ఆసుపత్రిలో చెప్పి పంపిన మాట వెంటాడుతూ ఉంటుంది: ‘‘రెండు గంటలకోసారి పక్కకు తిప్పమ్మా, లేకపోతే పుండ్లు పడతాయి.’’ మధ్యాహ్నం తిప్పేదెవరు? రాత్రంతా లేస్తూ ఉంటే తెల్లారి కోతకు పోయేదెలా? మందుల చీటీలో ఆ సంగతి ఉండదు.

సలహా తప్పేమీ కాదు. తుంటి, మడమ, వెన్ను చివర వంటి చోట్ల ఎముకకూ పడకకూ మధ్య కండ నలుగుతుంది. సన్నని రక్తనాళాలు మూసుకుపోయి కణాలకు ఆక్సిజన్ అందదు. చాలాసార్లు లోపలి కండ ముందు చెడి, చర్మం మీద తర్వాత బయటపడుతుంది. చెమటతో, మూత్రంతో నానిన చర్మం ఇంకా తొందరగా చిట్లుతుంది. ఎర్రబడిన చోట వేలితో నొక్కినా తెల్లబడకపోతే నష్టం మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు కనుక వేడినీ గట్టితనాన్నీ చేత్తో తడిమి చూడాలి. అక్కడ మర్దన మాత్రం చేయకూడదు.

చిక్కంతా ఆ ‘రెండు గంటల’ దగ్గరే. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లోని 942 మందిని రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పి చూస్తే పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే వాళ్లంతా మంచి ఫోమ్ పరుపుల మీద, సిబ్బంది చూపు కింద ఉన్నవాళ్లు. నవారు మంచం మీద బొంత పరిచి పడుకోబెట్టిన మనిషికి ఆ నాలుగు గంటల లెక్క వర్తిస్తుందనుకోవడం ప్రమాదం. పరిశోధనలో నవారు మంచం సంగతి అడగాలన్న ఆలోచన, దాని పక్కన నిద్ర కాచినవాళ్లకే వస్తుంది.

అలా అడగనిచ్చిన చోట ఏం జరిగిందో బ్రిటన్‌లో చూడొచ్చు. అక్కడ జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతిలో రోగులు, ఇంటివాళ్లు, నర్సులు కలిసి కూర్చుని, ఈ పుండ్లపై పరిశోధన తేల్చాల్సిన ప్రశ్నలను 2013లో వరుస పెట్టారు. పక్కకు తిప్పడం అసలెంత పని చేస్తుంది, సంరక్షణలో కుటుంబాన్ని కలుపుకుంటే పుండ్లు తగ్గుతాయా అన్నవి ముందు వరుసలో నిలిచాయి. లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తీవ్రమైన పుండ్లు పడిన ఎనిమిది మంది కథలను వాళ్ల నోటే విని, వైద్య రికార్డులతో పోల్చి 2014లో ప్రచురించారు. రోగులు, ఇంటివాళ్లు చెప్పినదాన్ని సిబ్బంది చెవిన పెట్టకపోవడం అందులో పదేపదే కనిపించింది. చర్మం చెడకముందే అక్కడ నొప్పి పుట్టవచ్చని అదే విశ్వవిద్యాలయం తర్వాతి పరిశోధనలూ చూపాయి. స్పర్శ పోయినవాళ్లకు ఆ హెచ్చరిక కూడా దక్కదు. చూసుకునేవాళ్ల చెయ్యే దిక్కు.

రోగిని కలుపుకోగానే అంతా చక్కబడుతుందని కాదు. ఆస్ట్రేలియాలో ఎనిమిది ఆసుపత్రుల్లో 1600 మందితో చేసిన పరీక్షలో రోగులకే జాగ్రత్తలు నేర్పి, వాళ్లను భాగస్వాములను చేశారు. పుండ్లు తగ్గినట్టు కనిపించినా గణాంకాలు దాన్ని గట్టిగా నిలబెట్టలేదు. అందుకే ఇంకా అడగాల్సి ఉంది, మన దగ్గర మరీను.

కంభం ఉన్న పశ్చిమ ప్రకాశానికి మంచాన పడ్డ మనుషులు కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయే జబ్బును 1937లో నాటి నెల్లూరు జిల్లా నుంచే వైద్యులు లోకానికి వివరించారు. ఇక్కడి కనిగిరి, పొదిలి అప్పుడు ఆ జిల్లాలోవే. జబ్బు ముదిరితే వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి.

ఇవాళ ఇలాంటి ఇళ్లను వెతకడం కష్టం కాదు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత బాధితులకు 2024 జూలై నుంచి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. సచివాలయ ఉద్యోగి దాన్ని ఇంటికే తెచ్చిస్తాడు. ఇంటివాళ్లు ఒప్పుకుంటే పరిశోధకులు ఆ దారిలోనే వెళ్లవచ్చు. బ్రిటన్‌లో ఇలా సలహా ఇచ్చే రోగుల సమయానికి డబ్బు చెల్లించే పద్ధతి ఉంది. ఇక్కడైతే సమావేశం ఒంగోలులో కాక ఆ ఇంటి వసారాలోనే, పొద్దుగూకాక పెట్టుకోవాలి. ఒకవేళ పగలే పిలవాల్సి వస్తే, పోయిన కూలి డబ్బును అధ్యయనం ఖర్చులోనే రాసుకోవాలి.