వంశచరిత్ర సభకు ఉపన్యాసము ప్రతిపాదించుట



వంశచరిత్రలను సభలలో చెప్పుకొనుట నేడు లోకమున నొక పెద్ద వ్యాపకమైనది. అమెరికాలోని సాల్ట్ లేక్ నగరమున 2011లో నారంభమైన రూట్స్‌టెక్ సభ కేవలము ఈ విషయమునకే యేర్పడినది. మన ప్రాంతమున చరిత్ర సభలును, కులసంఘముల కూటములును, గ్రంథాలయ వార్షికోత్సవములును దీనికి తావిచ్చుచున్నవి. ఎక్కడనైనను పద్ధతి యొకటే. మాటలాడగోరువారు తాము చెప్పబోవు విషయమును ముందుగా వ్రాసి పంపవలెను. దానిని చదివి నిర్వాహకులు అవుననియో కాదనియో చెప్పుదురు. ఈ పత్రమును వ్రాయు విధమును గూర్చి నల్లగొండ, పాలమూరు మెట్టసీమల పెద్దలతో నాలుగు మాటలు చెప్పదలచినాను.

నేను చదివిన యట్టి పత్రములలో పెక్కింటి ధోరణి యొక్కటే. మా వంశము మిక్కిలి ప్రాచీనము, మా పూర్వులు గొప్ప దాతలు, చెఱువులు త్రవ్వించిరి, గుళ్లు కట్టించిరి, ఇంతే. అది నిజమే కావచ్చును. కాని సభలో కూర్చుండువారు మీ యింటివారు కారు గదా! మీ ముత్తాతగారి దాతృత్వముతో వారికేమి పని? మీకు కలిగిన సందేహమేమి, దానిని ఏ ఆధారముతో తీర్చుకొంటిరి, ఆ తెరువున పోయినచో తమ యింటి సంగతియు తెలియునా అనునది వారికి కావలయును. కావున వంశమును ప్రతిపాదింపక, ప్రశ్నను ప్రతిపాదింపుడు.

మన సీమలోని యుదాహరణమునే చూతము. వెలుగోటివారి వంశావళి యను గ్రంథమును నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపగా మద్రాసు విశ్వవిద్యాలయమువారు 1939లో ప్రకటించిరి. రాచకొండ, దేవరకొండల నేలిన రేచెర్ల వెలమ ప్రభువుల వంశక్రమమును అది చెవిరెడ్డి మొదలుకొని చెప్పును. ఆ కుటుంబమునకు మూలస్థానముగా చెప్పబడునది ఆమనగల్లు. మొదటి చిక్కు ఇక్కడనే యున్నది. నల్లగొండ జిల్లాలో నొక ఆమనగల్లు కలదు. పూర్వము మహబూబునగరు జిల్లాలోనుండి 2016లో రంగారెడ్డి జిల్లాలో చేరినది మఱియొకటి కలదు. రేచెర్లవారి పేరుతో ముడిపడినది మొదటిది. ఊరిపేరు చెప్పి, అది యే తాలూకాలోనిదో చెప్పని వంశవృక్షము ఎంత పొడవైనను చరిత్రకారునికి తోడ్పడదు.

ఇక ‘రేచెర్లవారి వైభవము’ అని శీర్షిక పెట్టి పంపినచో నిర్వాహకులు మర్యాదగా ప్రక్కన పెట్టుదురు. ‘వంశావళి చెప్పిన తరములలో శాసనములు బలపఱచునవి ఎన్ని?’ అని పంపినచో చెవియొగ్గుదురు. ఆ వంశమువాడైన సింగభూపాలుడు తన రసార్ణవసుధాకరము మొదట వంశవర్ణనము చేసికొన్నాడు. వంశావళి యొక సాక్షి, గ్రంథావతారిక రెండవ సాక్షి, ఱాతి శాసనము మూడవ సాక్షి. మూడును కలిసినచోట నమ్మవచ్చును. కలియనిచోటనే ఉపన్యాసము పుట్టును.

మన వంశవృక్షములు తండ్రినుండి కొడుకునకు దిగుచుండును. ఆడువారు నడుమ రాలిపోవుదురు. శాసనములట్లు కావు. నేడు సూర్యాపేట జిల్లాలోనున్న పిల్లలమఱ్ఱిలో శక సంవత్సరము 1130, అనగా క్రీ.శ. 1208 నాటి శాసనము, రేచెర్ల బేతిరెడ్డి భార్యయైన ఎఱకసాని గుడి కట్టించిన సంగతి చెప్పుచున్నది. ఆమె పేరనే అచ్చటి దేవుడు ఎఱకేశ్వరుడైనాడు. (శకమునకు 78 కలిపిన క్రీస్తు శకము వచ్చును, మన పాత కాగితములలోని ఫసలీకి 590 కలుపవలెను.) మీ యింటి ఆడుబిడ్డలు నాలుగు తరములుగా ఏయే యూళ్లకు పోయిరో, కోడండ్రు ఏయే యూళ్లనుండి వచ్చిరో ఒక పలకమీద వ్రాసి చూడుడు. సంబంధములు ఏ కాలమున ఏ దిక్కునకు సాగినవో, ఏ కఱవు తరువాత ఆ దిక్కు మాఱినదో దానినుండి పొడకట్టును. ఇట్టి పత్రము వచ్చినచో నేను మాఱుపలుకక అంగీకరింతును.

రాజులును దొరలును గాని ఇండ్లవారి మాటయేమని మీరడుగుదురు. పాలమూరు సీమవారే యైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించి, సామాన్యుల తిండికిని, బట్టకును, ఆటపాటలకును చరిత్రలో పీట వేసిరి. సామాన్యుల వంశములకును ఆధారములు లేకపోలేదు. రెడ్ల గోత్రములను, ఇంటిపేళ్లను పిచ్చకుంట్లవారును, మాదిగల పుట్టుపూర్వోత్తరములను డక్కలివారును, పద్మశాలీల కథను కూనపులివారును నోటితోనే నిలిపినారు. వారి బిడ్డలు ఇతర వృత్తులకు పోవుచున్నారు. కావున వినవలసినదానిని ఇప్పుడే వినవలెను. వారు చెప్పినదానిని మీ మాటలలోనికి మార్పక, చెప్పిన తేదీయు, ఊరును, చెప్పినవారి సమ్మతియు వ్రాసికొనుడు. పాటలో నడిమి తరములు కుదించుకొనిపోవుట కలదు. అది అబద్ధము కాదు, పాట పద్ధతి. దానిని కాగితముతో సరిచూచుట మీ పని.

ఆ కాగితములలో సేత్వారు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, విరాసతు పత్రములు ముఖ్యములు. నిజాము కాలపువి పెక్కు ఉర్దూలో నుండును గనుక చదువగలవారిని ముందే చూచుకొనవలెను. పటేలు పట్వారీల పద్ధతి 1984లో పోయినది. పాత పట్వారీల ఇండ్లలో దస్త్రములేవైన మిగిలియున్నచో చెదలకంటె ముందుగా మీరు చేరవలెను.

వంశవృక్షము భూమి తగాదాలోనికి పోవునట్టి వస్తువని తామెఱుగుదురు. దత్తతలు, మారుమనువులు, పాలివారి పంపకములు బ్రదికియున్నవారి పేళ్లతో సభలో చదువరాదు. ‘తాతల తరము దాటి క్రిందికి రాను’ అని పత్రములో నొక ముక్క వ్రాసినచో నిర్వాహకుల భయము తీరును. తరముల సంఖ్యయు మితముగా నుండవలెను. అరగంటలో పదునాలుగు తరములు చెప్పబూనినవారు నాలుగవ తరమునకు వచ్చునప్పటికే అధ్యక్షులు గంట కొట్టుదురు.

కొల్లాపురము వైపు గ్రామములు శ్రీశైలము ఆనకట్ట నీటిక్రింద మునిగినవి. 1981లో ఆ జనులను లేపివేసిరి. సోమశిల గుళ్లను విప్పి మిట్టకు తెచ్చి మరల నిలిపిరి; ఇండ్లవారిని అట్లు తెచ్చి వరుసగా నిలిపినవారు లేరు. ఏ యింటి ప్రక్క ఏ యిల్లుండెనో చూచి చెప్పగలవారికి నేడు అఱువది యేండ్లు దాటుచున్నవి. వారిలో నొకరు ఇట్లు వ్రాసి పంపినచో చాలును:

‘శీర్షిక: మునిగిన మా యూరి నడివాడలోని ఇండ్లవారు. ప్రశ్న: 1981లో లేచిపోయిన ఆ కుటుంబములు ఎక్కడెక్కడ స్థిరపడినవి? సాక్ష్యము: ఖాస్రా పహాణీ, నష్టపరిహారపు కాగితములు, ఆ వాడకు చెందిన ముగ్గురు వృద్ధుల మాటలు. సభవారికి ప్రయోజనము: మునిగిన యూళ్లవారెవరైనను ఇదే తెరువున తమవారిని వెదకికొనవచ్చును. కాలము: అరగంట. కావలసినవి: వాడ పటమును గోడకు తగిలించుటకు రెండు మేకులు.’