మీట నొక్కిన పిమ్మట

ఫోనుపై తెలుగు వ్యాసము వ్రాయుచున్న పిల్లవాడు పొరపాటున ఒక మీటను నొక్కగా, వ్రాసినదంతయు మాయమగుట మనము చూచుచునే యున్నాము. దోషము పిల్లవానిది కాదు.

ఆండ్రాయిడ్ ఫోనులో మీటను నొక్కినంతనే ఆ వార్త సాధారణముగా తెరపైనున్న ప్రోగ్రామునకు చేరును. అది తగిన పని జరిపి 'అయినది' అని బదులిచ్చినచో సరి. లేనిచో ఫోను తన వాడుక ప్రకారము నడచును. పుస్తకములు చదివించు ప్రోగ్రాములు కొన్ని ధ్వని మీటతో పుటలు త్రిప్పుట ఇట్టిదే. 'బ్యాక్' వార్తయు, ప్రోగ్రాము ముందుగా కోరియుండినచో, దానికి అందును. 'హోమ్' వార్త మాత్రము అందదు. ఏ ప్రోగ్రామైనను మనలను తనయందు బంధింపరాదు గదా!

కావున 'బ్యాక్' కొఱకే వేచియుండక, తెరనుండి తొలగునప్పుడెల్ల వ్రాతను భద్రపరచుట ప్రోగ్రాము వ్రాయువారి విధి. ఆ తొలగుటను ఫోను వేరుగా తెలుపును. ప్రోగ్రాములు నేర్చుచున్న మీ పిల్లలకు ఈ మాట చెప్పుడని కోరుచున్నాము.