మరుగున పడిన భయానక చిత్రాలు: ఒక పునఃపరిశీలన

భరతముని నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దానికి స్థాయీభావం భయం. శృంగార, వీర, కరుణ రసాలకు మన సాహిత్యంలోను, రంగస్థలం మీద, వెండితెర మీద లభించిన గౌరవం ఈ రసానికి ఏనాడూ లభించలేదు. దయ్యాల సినిమా అనగానే విద్యావంతులు పెదవి విరుస్తారు, పిల్లలు కుతూహలపడతారు, పెద్దలు కసురుకుంటారు. ఈ చిన్నచూపు కారణంగా నాసిరకం చిత్రాలతో పాటు విలువైనవి కూడా ఒకే గాటన కట్టబడి మరుగున పడిపోయాయి. 1990 మొదలు 1999 వరకు వెలువడిన అటువంటి చిత్రాలలో ఐదింటిని ఎన్నుకొని మన సంస్థ కుటుంబ సభ్యులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీటిలో కొన్ని విడుదల కాలంలో ఆశించిన ఆదరణకు నోచుకోలేదు. మరికొన్నింటిని విమర్శకులు మెచ్చినప్పటికీ అవి మన ప్రాంతపు సగటు ప్రేక్షకుని వరకు రాలేదు. అయితే వీడియో క్యాసెట్ల ద్వారా, తరువాత డిస్కుల ద్వారా ఇవన్నీ కొద్దిమందే అయినా గట్టి అభిమానులను సంపాదించుకున్నాయి.

ఆనాటి వాతావరణం

హిందీ చిత్రసీమలో భయానక చిత్రమంటే అప్పట్లో రామ్సే సోదరుల పేరే వినవచ్చేది. ‘పురానా మందిర్’ (1984), ‘వీరానా’ (1988), ‘బంద్ దర్వాజా’ (1990) ఆ కోవలోనివి. 1993లో ‘జీ హారర్ షో’ ధారావాహికతో అదే బాణీ మన ఇళ్ళలోని టెలివిజన్ పెట్టెల్లోకి వచ్చింది. పాడుబడిన హవేలీ, శాపం తగిలిన వంశం, వికృతమైన ముఖం, చివరకు దైవచిహ్నంతో దుష్టశక్తిని అణచే రక్షకుడు ఈ బాణీకి ముఖ్యాంగాలు. తెలుగునాట యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవల చేతబడి, క్షుద్రప్రయోగం వంటి మాటలను మధ్యతరగతి ఇళ్ళలో ఊరికే వినబడే మాటలుగా మార్చివేసింది.

ఈ కథలన్నింటిలోను కీడుకు ఒక రూపం ఉంటుంది. దానిని ముఖం చూసి గుర్తుపట్టవచ్చు, మంత్రంతో వెళ్ళగొట్టవచ్చు. మేము ఎన్నుకున్న ఐదు చిత్రాలు ఈ రెండు నమ్మకాలను కొంతగానో పూర్తిగానో ప్రశ్నించినవి. వీటి మంచిచెడ్డలను కూడా ఆ దృష్టితోనే పరిశీలించాము.

రాత్రి (1992)

‘శివ’ చిత్రంతో 1989లో తెలుగు సినిమా నడకను మార్చిన రామ్‌గోపాల్ వర్మ, తెలుగులో ‘రాత్రి’గాను, హిందీలో ‘రాత్’గాను తీసిన చిత్రమిది. కొత్తగా ఒక ఇంట్లో చేరిన మధ్యతరగతి కుటుంబం, కాలేజీలో చదివే అమ్మాయి, ఇంట్లో ఒక చిన్న పిల్లవాడు. వాడు ముచ్చటపడి పెంచుకున్న పిల్లికూన కారు చక్రం క్రింద పడి చనిపోతుంది. ఆ తరువాత నుంచి అమ్మాయి ప్రవర్తనలో మార్పు మొదలవుతుంది.

జనసంచారం లేని ఊరిలో ఒంటరిగా నడిచే యువతిని చూపే ప్రారంభ దృశ్యం ఈనాటికీ ఒడలు జలదరింపజేస్తుంది. అక్కడ దయ్యం లేదు, రక్తం లేదు. మనుషులు ఉండవలసిన చోట లేకపోవడమే భయానికి హేతువు. తరువాతి కాలంలో దర్శకునిగా పేరు పొందిన తేజ దీనికి ఛాయాగ్రాహకుడు. మణిశర్మ నేపథ్య సంగీతం సమకూర్చిన తొలి చిత్రం కూడా ఇదే. వీరిద్దరూ పగటి వెలుగులోని మామూలు ఇంటిని అనుమానాస్పదంగా చూపగలిగారు. బదిలీల మీద ఊళ్ళు మారుతూ, తెలియని క్వార్టరులో మొదటి రాత్రి ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడిన కుటుంబాలకు ఈ భయం ప్రత్యేకించి వివరించనక్కరలేదు. రేవతి నటనలో కేకలకన్న మౌనానికి ఎక్కువ బలం ఉంది.

లోపం చివరి భాగంలో ఉంది. బిడ్డను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలా, మాంత్రికుని వద్దకా అనే తల్లిదండ్రుల సంకటం వరకు కథ మన ఇళ్ళకు చాలా దగ్గరగా నడుస్తుంది. ఓం పురి ధరించిన మాంత్రిక పాత్ర పగ్గాలు చేపట్టిన తరువాత చిత్రం పాత బాణీలోకి జారిపోతుంది. నటుని ప్రతిభ ఆ లోటును కప్పగలిగిందే గాని పూడ్చలేకపోయింది.

ఎక్సార్సిస్ట్ 3 (1990)

మాంత్రికుని చొరబాటు మన చిత్రాలకే పరిమితమైన వ్యాధి కాదనడానికి ఈ అమెరికన్ చిత్రం సాక్ష్యం. 1973లో ప్రపంచాన్ని గడగడలాడించిన ‘ఎక్సార్సిస్ట్’కు మూలమైన నవలను రచించిన విలియం పీటర్ బ్లాటీ, తన మరో నవల ‘లీజియన్’ ఆధారంగా దీనిని స్వయంగా తీశారు. పదిహేనేళ్ళ క్రితం మరణశిక్ష పొందిన హంతకుని పద్ధతిలోనే మళ్ళీ హత్యలు జరుగుతుంటాయి. వృద్ధుడైన పోలీసు అధికారి (జార్జి సి. స్కాట్) పరిశోధన ఒక ఆసుపత్రిలోని మానసిక రోగుల విభాగానికి దారితీస్తుంది.

రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు దృశ్యం ఈ చిత్రానికి ప్రాణం. కెమెరాను పొడవైన నడవా చివర నిలిపి, దాదాపు కదల్చకుండా ఉంచారు. నర్సు గదులు చూసుకుంటూ వస్తుంది, పోతుంది. కాపలావాడు వెళ్ళిపోతాడు. సంగీతం లేదు. ఏమీ జరగడం లేదని ప్రేక్షకుడు తేలికపడిన క్షణంలో, రెప్పపాటులో అంతా జరిగిపోతుంది. ఓపిక ఎంత పదునైన ఆయుధమో ఈ ఒక్క దృశ్యం వల్ల తెలుస్తుంది.

బ్లాటీ మొదట కూర్చిన చిత్రంలో భూతోచ్చాటన ఘట్టం లేదు. పేరులో ‘ఎక్సార్సిస్ట్’ ఉండి తెర మీద ఉచ్చాటన లేకపోతే ఎలాగని నిర్మాణ సంస్థ పట్టుబట్టడంతో, అదనపు చిత్రీకరణ జరిపి ముగింపును మార్చారు. ఆ అతుకు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. 2016లో దర్శకుని తొలి కూర్పును పునర్నిర్మించబోతే అసలు నెగటివులు దొరకలేదు. చిత్రీకరణ కాలంలో వీడియో టేపుల మీద దించి ఉంచిన మసక దృశ్యాలతో సరిపెట్టవలసివచ్చింది.

క్రోనోస్ (1993)

‘ది షేప్ ఆఫ్ వాటర్’ చిత్రానికి 2018లో ఆస్కార్ అందుకున్న మెక్సికో దర్శకుడు గియెర్మో దెల్ తోరో తొలి పూర్తినిడివి చిత్రమిది. పాత వస్తువులు అమ్ముకునే ఒక ముసలాయనకు బంగారు పేడపురుగు ఆకారంలో ఉన్న చిన్న యంత్రం దొరుకుతుంది. 1536లో మెక్సికో చేరిన ఒక రసవాది దానిని తయారుచేశాడు. అది గోళ్ళు గుచ్చి పట్టుకుంటే ముదిమి వెనక్కి తగ్గుతుంది. అయితే దానితో పాటు రక్తదాహం పుడుతుంది.

రక్తపిశాచి కథలు ప్రపంచంలో కోకొల్లలు. తాతా మనుమరాళ్ళ అనుబంధాన్ని ఆ కథకు ఇరుసుగా చేయడం ఇందులోని విశేషం. ఆ పసిది దాదాపు మూగగానే ఉంటుంది. చిత్రమంతటిలో పలికే మాట ఒక్కటే, అది తాతను గురించినది. వెలుగు సహించలేని స్థితికి తాత చేరినప్పుడు, తన ఆటబొమ్మల పెట్టెను ఖాళీ చేసి అందులో ఆయనను పడుకోబెడుతుంది. ఆయన రూపం ఎంత మారినా ఆ పిల్లకు ఆయన తాతే. చివరకు మనుమరాలి రక్తమే ఎదుట పడినప్పుడు ఆ వృద్ధుడు ఏమి చేశాడన్నదే కథకు పరాకాష్ఠ. అక్కడ ఏ మంత్రమూ అక్కరకు రాదు, మమకారం ఒక్కటే అడ్డు నిలుస్తుంది. చావును తప్పించుకోవాలనే దురాశ ఎంత భయంకరమో ఈ చిత్రం ఎక్కడా ఉపన్యాసం లేకుండా చెప్పింది.

క్యూర్ (1997)

జపాను భయానక చిత్రమనగానే చాలామందికి ‘రింగు’ (1998) గుర్తుకు వస్తుంది. దానికి ముందే కియోషీ కురొసావా తీసిన ‘క్యూర్’ ఆ నీడలో ఉండిపోయింది. టోక్యోలో వరుసగా హత్యలు జరుగుతాయి. ప్రతి శవం మీద ఒకే రకపు కత్తిగాటు. హంతకులు మాత్రం వేర్వేరు. ఉపాధ్యాయుడు, పోలీసు, వైద్యురాలు, అందరూ మర్యాదస్తులే. ఎందుకు చంపారో వారికే తెలియదు. వారందరికీ జ్ఞాపకశక్తి లేని ఒక యువకుడు తారసపడ్డాడని మాత్రం తేలుతుంది. అతడు ఎదుటివారిని పదేపదే అడిగేది, నువ్వెవరు అని. ఉద్యోగం పేరు చెప్పి ఊరుకుంటే అతడు ఒప్పుకోడు.

డిటెక్టివుగా కోజీ యాకుషో నటించారు. ఆయన భార్యకు మానసిక అస్వస్థత. ఆయన ఇల్లు చేరేసరికి బట్టలు వేయని వాషింగ్ మెషీను ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఆయన మౌనంగా దానిని ఆపుతారు. ఒక దీర్ఘరోగిని కనిపెట్టుకొని ఉండే మనిషి అలసట, విసుగు, వాటిని బయటపెట్టలేని మర్యాద, అన్నీ ఆ చిన్న పనిలో ఇమిడి ఉన్నాయి. మర్యాద క్రింద అణచిపెట్టిన కోపమే ఈ చిత్రంలోని దయ్యం. తొందర లేకుండా సాగే ఈ చిత్రాన్ని చూడడానికి సహనం కావాలి. ముగింపు కూడా అన్నింటినీ విప్పి చెప్పదు. మా దృష్టిలో ఈ ఐదింటిలో మిన్న ఇదే.

కౌన్ (1999)

మళ్ళీ రామ్‌గోపాల్ వర్మ. హిందీలో తీసిన ఈ చిత్రానికి రచయిత అనురాగ్ కశ్యప్. ముఖ్య పాత్రలు మూడు, ఇల్లు ఒకటి, వాన కురిసే ఒక రాత్రి. పాటలు లేవు. ఊరిలో ఒక హంతకుడు తిరుగుతున్నాడని టెలివిజన్ వార్తల్లో వస్తుంది. ఒంటరిగా ఉన్న యువతి (ఊర్మిళా మాతోండ్కర్) తలుపు గంట మోగుతుంది. గుమ్మం అవతల అతివినయంగా, అతిగా మాట్లాడే అపరిచితుడు (మనోజ్ బాజ్‌పాయ్). కొంతసేపటికి మరొకరు (సుశాంత్ సింగ్).

భర్త రాత్రి షిఫ్టుకు వెళ్ళిన తరువాత తలుపు చప్పుడైతే గుండె ఝల్లుమనడం మన టౌన్‌షిప్పుల్లోని గృహిణులకు అనుభవమే. వర్మ ఆ ఒక్క అనుభవాన్ని తీసుకొని గంటన్నరకు పైగా నడిపారు. సందీప్ చౌతా నేపథ్య సంగీతం అక్కడక్కడ మితిమీరి చెవిలో పోరినా, వాన చప్పుడు, గంట మోత, గొళ్ళెం శబ్దం చేసే పని ఎక్కువ. ముగింపు చెప్పడం న్యాయం కాదు. చూస్తున్నంతసేపూ మన అనుమానం ఎవరి మీద వాలుతున్నదో, ఏ ఆధారంతో వాలుతున్నదో గమనించుకొమ్మని మాత్రం మనవి.

భయం ఎవరి మీద వాలుతుంది?

ఈ విషయం వినోదంతో ముగిసేది కాదు. చేతబడి, బాణామతి చేస్తున్నారనే నెపంతో ఒంటరి స్త్రీలను, వృద్ధులను హింసించిన, హతమార్చిన ఘటనలు మన తెలుగు పల్లెలు ఎరిగినవే. మంత్రగత్తె అనే ముద్ర వేసి స్త్రీలను హింసించడాన్ని అరికట్టడానికి బీహారు రాష్ట్రం 1999లో, అంటే ‘కౌన్’ విడుదలైన సంవత్సరంలోనే, ప్రత్యేక చట్టం చేయవలసివచ్చింది. మహారాష్ట్ర 2013లోను, కర్ణాటక 2017లోను దురాచారాల నిరోధానికి చట్టాలు తెచ్చాయి. సినిమా వల్లనే ఈ ఘోరాలు జరిగాయని అనడం అతిశయోక్తి. ఈ మూఢనమ్మకం సినిమాకన్న ఎంతో పాతది. కాని కీడుకు వికృతమైన ముఖం ఉంటుందని, దానిని వెళ్ళగొట్టగల మంత్రగాడు ఉంటాడని వందసార్లు తెర మీద చూసిన కన్ను, ఊరిచివరి గుడిసెలోని ముసలమ్మను నిర్మలంగా చూడగలదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ఈ ఐదు చిత్రాలు ఆ కన్నును మరోవైపు తిప్పుతాయి. ‘క్రోనోస్’లో పిశాచమైనవాడు ప్రేమగల తాత. ‘క్యూర్’లో కత్తి పట్టినవాడు పక్కింటి మంచివాడు. ‘కౌన్’ మన అనుమానాన్నే బోనులో నిలబెడుతుంది. తక్కిన రెండు చిత్రాలు మాంత్రికునికి తలవంచిన చోటనే బలహీనపడ్డాయి. భయానక రసాన్ని ఈ రీతిలో పోషించిన చిత్రం ప్రేక్షకుని పిరికివాణ్ణి చేయదు, వివేకిని చేస్తుంది.

మరొక మాట. బ్లాటీ చిత్రానికి పట్టిన గతి ఏ చిత్రానికైనా పట్టవచ్చు. పుణేలో 1964లో నెలకొన్న జాతీయ చలనచిత్ర భాండాగారం వంటి సంస్థలు ఎంత శ్రమించినా, అడిగేవారు లేని చిత్రాన్ని కాలం త్వరగా మింగివేస్తుంది. అడిగి చూడడం కూడా ఒక విధమైన సంరక్షణే.

ఇవి పెద్దల చిత్రాలు. చిన్నపిల్లలను నిద్రపుచ్చిన తరువాతనే చూడడం ఉచితం. యుక్తవయస్సులోని బిడ్డలుంటే ముందుగా తల్లిదండ్రులు చూసి నిర్ణయించుకోవాలి. చూసిన తరువాత వెంటనే దీపం ఆర్పి పడుకోక, కాసేపు కూర్చుని మాట్లాడుకోవడం మేలు. ఎవరికి ఎక్కడ భయం వేసిందో, ఎందుకు వేసిందో చెప్పుకుంటే సగం భయం అక్కడే తీరుతుంది. మిగిలిన సగం ఆలోచనకు పనికివస్తుంది.