మట్టిలోకి దిగిన టర్బైన్

ఆ రంగు ట్రాక్టరుకు వెయ్యగా డబ్బాలో మిగిలినది. 1950ల మొదట్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ ఊళ్ళో ఆర్ట్ ఆర్ఫన్స్, అతని అన్న వాల్ట్ కలిసి ఒక మూడు చక్రాల పందెం బండి కట్టారు. ఇంజను ఓల్డ్స్‌మొబీల్ కారుది. రంగుకు వేరే ఖర్చెందుకని చేతికందిన ఆకుపచ్చ ట్రాక్టరు పెయింటే పూసేశారు. పందెం రోజున మైకు పట్టుకున్న మనిషి ఆ ఆకారం చూసి, 'గ్రీన్ మాన్‌స్టర్' వచ్చేస్తోందని జనాన్ని నవ్వించాడు. ఎగతాళికి పెట్టిన పేరు ఆ ఇంటికి ఇంటిపేరంతగా అతుక్కుపోయింది. ఆ తర్వాత ఆర్ట్ కట్టిన యంత్రాలన్నీ దాదాపు గ్రీన్ మాన్‌స్టర్లే.

ఆర్ట్ నాన్న టామ్ గ్రీసు నుంచి వలస వచ్చినవాడు. పశువుల దాణా మిల్లు నడిపేవాడు. మిల్లులో పుట్టి పెరిగిన పిల్లలకు బెల్టులు, బేరింగులు, పుల్లీలు ఆటవస్తువులు. ఆర్ట్ రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో చేరి, సైన్యాన్ని ఒడ్డుకు దించే పడవల మీద డీజిల్ మెకానిక్‌గా పనిచేశాడు. ఇంజనీరింగ్ కాలేజీ మొహం చూడలేదు. ఈ మనిషి భూమ్మీద అతివేగంగా కారు నడిపినవాడిగా పేరు తెచ్చుకున్నాడు. అదంతా బాగా ప్రచారంలో ఉన్న కథే. నాకు ఆసక్తి ఆ తర్వాతి భాగం మీద. గంటకు తొమ్మిది వందల కిలోమీటర్లు దాటినవాడు మట్టి ట్రాక్ మీద తొంభై మీటర్ల దూరం కోసం, కూతురితో కలిసి, ఏళ్ళ తరబడి ఎందుకు పెనుగులాడాడు?

ఆ ఆట పేరు ట్రాక్టర్ పుల్లింగ్. ఒంగోలు గిత్తల బండలాగుడు చూసినవాళ్ళకు ఇది సగం తెలిసినట్టే. తిరునాళ్ళలో ఎడ్ల జతను కాడికి కట్టి, ఇచ్చిన సమయంలో రాతిబండను ఎంత దూరం లాగిస్తే అంత గెలుపు. అమెరికా పల్లెల్లో గుర్రాల జతలు అదే పని చేసేవి. పొలంలో ఏరిన రాళ్ళను చేరేసే, అడుగు చదునైన చెక్క బల్ల మీద బరువులు పేర్చి లాగించేవారు. గుర్రం స్థానంలోకి ట్రాక్టరు వచ్చింది, పందెం మాత్రం పోలేదు. 1929లో మిస్సోరీలోని బౌలింగ్ గ్రీన్‌లోనూ, ఒహాయోలోని వాన్స్‌విల్‌లోనూ ఇంజను బండ్లతో లాగుడు పోటీలు జరిగినట్టు నమోదై ఉంది. ఒహాయోలో కూడా ఒక బౌలింగ్ గ్రీన్ ఉంది. 1967 నుంచి ఈ ఆటకు పెద్ద జాతర జరిగేది అక్కడ. రెండు ఊళ్ళనూ ఒకటనుకోకూడదు.

1929 నాటి ట్రాక్టర్లకు ఇనుప చక్రాలే. గాలి టైర్లు 1930ల్లో వచ్చాయి. రబ్బరు టైరు ట్రాక్టరుకు పనికొస్తుందని రైతుల్ని నమ్మించడానికి ఆలిస్ చామర్స్ కంపెనీ 1933లో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అనే పేరున్న పందెం డ్రైవరు చేత ట్రాక్టరును గంటకు వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తోలించింది. ఆ వేగంతో ఎవరు దున్నుతారో కంపెనీకే తెలియాలి. అప్పట్లో అమెరికా టైర్ల పరిశ్రమకు రాజధాని ఏ ఊరో తెలుసా? ఆక్రన్.

బండతో ఒక చిక్కుంది. ఎడ్లకైతే అలుపొస్తుంది, ఆ అలుపే గెలుపోటములు తేలుస్తుంది. ట్రాక్టరుకు అలుపు రాదు. బండను ఒకసారి కదిలించగలిగితే చివరిదాకా లాక్కుపోతుంది, కదిలించలేకపోతే ఉన్నచోటే నిలబడిపోతుంది. మధ్యలో పందెం ఏముంది? అందుకని బరువు దారిలో పెరిగేలా చూడాలనుకున్నారు. మొదట దొరికిన ఉపాయం మనుషులే. ట్రాక్ పక్కన వరసగా నిలబడి, బల్ల తమ దగ్గరికి రాగానే ఒక్కొక్కరే దాని మీదికి ఎక్కేవారు. ఈ బరువు ఏ ఇద్దరు ట్రాక్టరు డ్రైవర్లకూ ఒకేలా ఉండదని వేరే చెప్పాలా? పైగా ట్రాక్టర్ల వేగం పెరిగేకొద్దీ, కదిలే బల్ల మీదికి ఎక్కడం ప్రాణాల మీదికి వచ్చింది.

దానికి విరుగుడుగా వచ్చిందే ఇప్పటి స్లెడ్. నన్నడిగితే ఈ ఆటలో అసలు ఆవిష్కరణ ఇదే, ఇంజన్లు కాదు. లారీ ట్రెయిలరంత పొడుగున్న బండి అది. వెనక చక్రాలుంటాయి, ముందు చక్రాలకు బదులు నేలకు ఆనే వెడల్పాటి ఇనుప పలక ఉంటుంది. వాలుగా పైకి లేచిన పట్టాల మీద దిమ్మెలు నింపిన పెద్ద పెట్టె ఉంటుంది. బయలుదేరేటప్పుడు పెట్టె వెనక చక్రాల మీద ఉంటుంది కాబట్టి బండి సాఫీగా దొర్లుతుంది. చక్రాలు తిరిగేకొద్దీ వాటికి తగిలించిన గేర్లు, గొలుసులు ఆ పెట్టెను కొంచెం కొంచెంగా ముందుకు లాగుతాయి. బరువు చక్రాల మీంచి పలక మీదికి వచ్చేస్తుంది. పలక నేలను రాచుకుంటుంది, మట్టిలోకి దిగుతుంది. ట్రాక్టరు ఎంత ముందుకు పోతే తన మెడకు అంత బరువు తానే తగిలించుకుంటుందన్నమాట. మామూలుగా 300 అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు దాటితే 'ఫుల్ పుల్'. ఒకరికి మించి దాటితే బరువు పెంచి వాళ్ళతో మళ్ళీ లాగిస్తారు. 1969లో ఎనిమిది రాష్ట్రాలవాళ్ళు కూడి జాతీయ సంఘం పెట్టుకుని, ఊరికొక తీరుగా ఉన్న నియమాలను ఒక దారికి తెచ్చారు.

ఇక్కడ కొంచెం లెక్క చెయ్యాలి. ట్రాక్టరు బరువు 3.6 టన్నులనుకుందాం. టైరుకూ తడి బంకమట్టికీ మధ్య పట్టు బాగా కుదిరితే, చక్రాల మీద ఎంత బరువు పడుతుందో ఇంచుమించు అంత బలంతోనే లాగగలదు. అంటే 3.6 టన్నులు. స్లెడ్ పెట్టెలో 8 టన్నులుండి, అదంతా పలక మీదికి వచ్చిందనుకుంటే, ఘర్షణ అందులో సగమైనా 4 టన్నుల అడ్డు. ట్రాక్టరు ఆగిపోవాల్సిందే. ఇంజను ఎన్ని వేల హార్స్‌పవరైనా ఆ 3.6 మారదు. దమ్ము చేస్తూ బురదలో దిగబడ్డ ట్రాక్టరు ఎంత ఎక్సలేటరు తొక్కినా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. బలం లేక కాదు, పట్టు లేక.

ఆ 3.6 టన్నులూ వెనక చక్రాల మీదే పడాలంటే ముందు చక్రాలు నేలను విడవాలి. చెరుకు ట్రాలీ లాగేటప్పుడు ట్రాక్టరు ముందు భాగం లేస్తుంటే మనవాళ్ళు బంపరు మీద బరువులు వేస్తారు. పుల్లింగ్‌లో ఆ లేవడమే కావాలి, అయితే కొద్దిగా. మరీ లేస్తే ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. అందుకే వెనక కొక్కెం ఎత్తు చాలా పోటీ తరగతుల్లో ఇరవై అంగుళాలకు మించకూడదు. తిరగబడకుండా వెనక ఆపుడు కడ్డీలు ఉండాలి. ముందు ఇనుప దిమ్మెలను అంగుళాల లెక్కన జరిపి చూసుకుంటారు. నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున తేలుతూ పోయే ముందు చక్రాలు చూస్తే, ఆ ట్రాక్టరు కట్టిన కుటుంబం గరాజులో ఎన్ని సాయంత్రాలు గడిపిందో తెలిసిపోతుంది.

మరి వేల హార్స్‌పవర్ దేనికి? 3.6 టన్నుల బలంతో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో లాగడానికి 500 హార్స్‌పవర్ కూడా అక్కర్లేదు. మిగతాదంతా చక్రం జారడానికి ఖర్చవుతుంది. బండి నడిచే వేగానికి కొన్ని రెట్ల వేగంతో టైరు గిర్రున తిరుగుతుంది. టైరు పళ్ళు ప్రతి చుట్టుకూ కొత్త మట్టిని కొరికి వెనక్కి విసురుతాయి. ఆ విసురే ట్రాక్టరును ముందుకు తోస్తుంది. స్లెడ్ తేలిగ్గా ఉన్న మొదటి భాగంలో ఎంత వేగం కూడగడితే, చివర బరువు మీద పడ్డాక అంత దూరం ఈడ్చుకుపోవచ్చు. దీనికోసం యుద్ధవిమానాల నుంచి తీసిన ఆలిసన్ పన్నెండు సిలిండర్ల ఇంజన్లు వచ్చాయి. ఒకటి చాలక రెండు, మూడు పెట్టారు. ఎన్ని ఇంజన్లున్నా వాటి బలాన్ని ఒకే ఇరుసుకు చేర్చే క్రాస్‌బాక్స్ అనే గేరుపెట్టెను 1970ల్లో కార్ల్, పాల్ బాసీ తెచ్చారు. 1988కల్లా ఏడు ఇంజన్ల ట్రాక్టరు కూడా పుట్టింది.

ఇక ఆర్ట్ సంగతి. ఎఫ్-104 యుద్ధవిమానంలో వాడే జె79 జెట్ ఇంజను ఒకటి పాడైపోతే, తుక్కు కింద కొన్ని వందల డాలర్లకు కొన్నాడు. రహస్య సైనిక సామగ్రి కాబట్టి, తయారీదారు జనరల్ ఎలక్ట్రిక్ మాన్యువల్ ఇవ్వనంది. ఆర్ట్ విప్పి, చూసి, దెబ్బతిన్న బ్లేడ్లు తీసేసి, పెరట్లో చెట్టుకు కట్టి నడిపి చూశాడు. దాన్ని కారుకు ఎక్కించి, 1964, 65లలో యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పు మైదానంలో మూడుసార్లు ప్రపంచ వేగ రికార్డు పట్టాడు. చివరిది గంటకు 576.55 మైళ్ళు, దాదాపు 928 కిలోమీటర్లు. అప్పటికే అన్న వాల్ట్‌తో మాటల్లేవు. అన్న కట్టిన జెట్ కారు 1964 అక్టోబరులో పెట్టిన రికార్డును తమ్ముడు మూడు రోజుల్లో చెరిపేశాడు. ఒకరి వెనక గుడియర్, ఒకరి వెనక ఫైర్‌స్టోన్. రెండూ ఆక్రన్ టైర్ల కంపెనీలే. 1966లో గంటకు 600 మైళ్ళ పైన పోతుండగా కారు ముక్కలైంది. ఆర్ట్ బతికి బయటపడ్డాడు. 1971లో డల్లస్‌లో అతని జెట్ బండి అదుపు తప్పినప్పుడు ముగ్గురు చనిపోయారు. పక్కన కూర్చున్న టీవీ విలేకరి వాళ్ళలో ఒకరు. ఆ తర్వాత ఆర్ట్ వేగపందేలకు దూరమయ్యాడు.

1970ల్లోనే పుల్లింగ్‌లోకి టర్బైన్లు వచ్చాయి. ఆర్ట్ తన విద్యను అటు మళ్ళించాడు. కానీ బానవిల్ విద్య ఇక్కడ తలకిందులు. అక్కడ జెట్ వెనక్కి చిమ్మే వాయువే కారును తోసింది. చక్రాలు ఊరికే దొర్లాయి, నేలతో వాటికి పెద్ద పనిలేదు. పుల్లింగ్‌లో ప్రతి హార్స్‌పవరూ చక్రం గుండా మట్టిలోకి పోవాలి. అందుకు సరిపోయేది హెలికాప్టర్ టర్బైన్. దాని ముందు భాగం గాలిని పీల్చి, నొక్కి, ఇంధనంతో మండించి వేడి వాయువు చేస్తుంది. ఆ వాయువు వెనకున్న మరో టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. రెంటికీ మధ్య ఇరుసు బంధం ఉండదు, వాయువే బంధం. వెనక చక్రం నిలిచిపోయి ఉన్నా ముందు భాగం తన వేగంతో తిరుగుతూనే ఉంటుంది. వెనక చక్రానికి ఆ నిలిచిన స్థితిలోనే టార్క్ అన్నిటికన్నా ఎక్కువ. బరువు కట్టుకుని నిలబడి బయలుదేరాల్సిన ట్రాక్టరుకు ఇంతకన్నా ఏం కావాలి? పిస్టన్ ట్రాక్టర్లలో బయలుదేరేటప్పుడే కాలిపోయే క్లచ్చు ఇక్కడ అక్కర్లేదు. బరువూ తక్కువే. హ్యూయీ హెలికాప్టర్‌లోని లైకమింగ్ టి53 సుమారు పావు టన్ను బరువుండి 1,100 నుంచి 1,400 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే కోవ బలమున్న ఆలిసన్ పిస్టన్ ఇంజను అర టన్నుకు మించి తూగుతుంది. ఇంజనులో అలా మిగిలిన బరువును ఇనుప దిమ్మెలుగా కావలసినచోట పెట్టుకోవచ్చు.

లోపం లేకపోలేదు. ఎక్సలేటరు తొక్కగానే టర్బైన్ పలకదు, వేగం పుంజుకోవడానికి కొంత వ్యవధి తీసుకుంటుంది. పట్టు తప్పుతోందని కాలు తీస్తే మళ్ళీ అందుకునేలోపు స్లెడ్ పని ముగించేస్తుంది. డ్రైవరు ముందే ఊహించి తొక్కాలి. పిస్టన్ ఇంజన్ల అభిమానులకు ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. టర్బైన్ ఉరమదట, ఈల వేస్తుందట. అది నిజమే. గుండెలదిరే మోత కోసం టికెట్ కొన్నవాళ్ళకు ఈల ఎలా ఆనుతుంది?

ఆర్ట్ కూతురు డస్టీ 'డ్రాగన్ లేడీ' అనే టర్బైన్ ట్రాక్టరుతో బరిలోకి దిగింది. తండ్రి గ్రీన్ మాన్‌స్టర్ మీద, కూతురు డ్రాగన్ లేడీ మీద. కొడుకు టిమ్ కూడా ఈ ఆటలోకే వచ్చాడు. బానవిల్ కారులో ఒక్కడికే చోటు, ఒక్కడికే రికార్డు. అక్కడ అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడ్డారు. ట్రాక్టరు పందెం పిల్లల్ని తండ్రి చుట్టూ చేర్చింది. ఇందులో ఆట స్వభావం కూడా ఉంది. వారాంతాల్లో ఊరి సంతలకు లారీ మీద యంత్రాన్ని మోసుకుపోవాలి, రెండు లాగుళ్ళ మధ్య విప్పి బిగించాలి. ఇంటిల్లిపాదీ కదలకపోతే జరగని పని.

తర్వాత గ్రీన్ మాన్‌స్టర్ నాలుగు టర్బైన్లతో వచ్చింది. 1989లో, అరవై దాటిన ఆర్ట్ పాత పిచ్చి వదలక, తేలికైన కొత్త జెట్ బండితో బానవిల్ వెళ్ళాడు. అది బోల్తా పడింది, మనిషి దక్కాడు. 2007 డిసెంబరులో, 81 ఏళ్ళ వయసులో పోయాడు.

ట్రాక్టర్ల బలం ఆనాటికీ ఈనాటికీ ఎన్నో రెట్లు పెరిగింది. పెద్ద తరగతుల్లో పదివేల హార్స్‌పవర్ మాట వింటున్నాం. 300 అడుగుల గీతను మాత్రం ఆ లెక్కన జరపాల్సిన అవసరం రాలేదు.  ప్రతి తరగతిలోనూ మొదట లాగే ట్రాక్టరు స్లెడ్‌కు పరీక్ష లాంటిది. అది అలవోకగా గీత దాటితే స్లెడ్ ఆపరేటరు పెట్టెలో ఇంకొన్ని దిమ్మెలు వేయిస్తాడు, లేదా పెట్టె త్వరగా ముందుకు వచ్చేలా గేరు మారుస్తాడు. ఆ మొదటి డ్రైవరు కావాలంటే మళ్ళీ లాగవచ్చు.