పాలపొడి వెనక పెద్ద చదువు

మా ఆడపడుచు కూతురు ఎంబీఏలో సప్లై చైన్ మేనేజ్‌మెంట్ తీసుకుంటానంటే, "అదేం చదువే, లారీల లెక్కలు రాయడమా?" అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. నాకైతే అది మన వంటింటికి దగ్గరి చదువే అనిపించింది. సరుకు పుట్టినచోటు నుంచి వాడేవాళ్ల చేతికి పాడవకుండా, వేళకి, సరిపడా చేర్చడమే కదా!

పాలనే తీసుకోండి. ఎండాకాలం పితికిన పాలు కొద్ది గంటలే ఆగుతాయి. గుజరాత్‌లో ఖేడా జిల్లా రైతులకి 1940లలో వచ్చిన కష్టం ఇదే. పాలు బొంబాయి చేరాలి. మధ్యలో కొనేవాడు చెప్పిందే ధర. "ఇష్టమైతే పొయ్యి, లేకపోతే ఇంటికి తీసుకుపో" అంటే ఏం చేస్తారు? రేపటిదాకా దాచుకోవడానికి అవి బియ్యం కావు. చివరికి 15 రోజులు పాలు పోసేది లేదని భీష్మించి, 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. అమూల్ పుట్టింది అలాగే.

దాంతో కష్టాలు తీరాయనుకునేరు! గేదెలు చలికాలంలో ఎక్కువ పాలిస్తాయి. చలికాలం వచ్చిందని బొంబాయి వాళ్లు రెండేసి గ్లాసులు తాగరుగా? మిగిలినవి పొడి చేద్దామంటే, గేదెపాలతో పొడి కుదరదన్నారు నిపుణులు. హెచ్.ఎం. దలాయా అనే ఇంజనీరు చేసి చూపించాడు. 1955లో ఆనంద్‌లో ఫ్యాక్టరీ వచ్చింది. చలికాలం మిగులు వేసవి కొరతకి ఆదుకుంది. మనం ఎండల్లో ఆవకాయ పెట్టి ఏడాదంతా వాడుకోవడం లేదూ, అలాగే.

ఇంత దూరం పాలు నడవాలంటే పల్లె తెలిసిన చదువరులు కావాలి. అందుకే కురియన్ 1979లో ఆనంద్‌లోనే ఇర్మా అనే గ్రామీణ మేనేజ్‌మెంట్ కాలేజీ పెట్టారు. 2025లో అది త్రిభువన్ పేరుతో సహకార విశ్వవిద్యాలయమైంది.

నన్ను బాధించేది ఒకటుంది. గేదెకి గడ్డి వేసేది, పేడ తీసేది, పాలు పితికేది ఎక్కువగా ఆడవాళ్లే. ధర తేల్చే గదిలో కుర్చీలు మాత్రం ఎక్కువగా మగవాళ్లవి. మన అమ్మాయిలు ఈ చదువు చదివితే ఆ గదిలోకి వెళ్లే దారి దొరుకుతుంది. అయితే చేర్పించేముందు కాలేజీ వాళ్లని ఒక మాట అడగండి... పిల్లల్ని ఒక్క తెల్లవారుజామునైనా పల్లె పాలకేంద్రానికి తీసుకెళ్తారా అని. వెన్న శాతం చూసి ధర కట్టడం, వ్యాను అరగంట ఆలస్యమైతే క్యాన్ల దగ్గర పుట్టే గాభరా క్లాసురూములో ఎవరు చూపించగలరు?