మంద దారి తెలిస్తేనే మన దారి



సఫారీ అనగానే మనలో చాలామందికి ముందు గుర్తుకొచ్చేది పెళ్ళికి కుట్టించుకున్న సఫారీ సూటు. అడవి, జీపు, సింహం ఆ తరువాతే. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం, అంతే. అది అరబ్బీ నుంచి వచ్చిన మాట. మన ఊళ్ళలో ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగువారు ‘సఫర్’ అంటారు చూడండి, రెండింటికీ మూలం ఒకటే. ఈ రోజు మనం చెప్పుకోబోయే ప్రయాణం ముందుగా మనుషులది కాదు, మృగాలది. టాంజానియాలోని సెరెంగెటి, కెన్యాలోని మసాయి మారా, ఈ రెండు మైదానాల మధ్య ఏడాది పొడుగునా లక్షలాది మృగాలు తిరుగుతూ ఉంటాయి. వాటిని చూడాలనుకునేవారు ఎలా సిద్ధం కావాలన్నదే నేటి ప్రసంగం.

ఆఫ్రికా ప్రయాణం మనకెందుకులే అనుకోకండి. బెంగళూరులోనో, చెన్నైలోనో, పైదేశాలలోనో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులను దూర ప్రయాణాలకు పంపుతున్నారు. నాతోపాటు బడిలో పనిచేసిన ఒక పెద్దాయన పదవీ విరమణ చేసిన ఏడాది భార్యతో కలిసి మసాయి మారా వెళ్ళారు. మందలు నది దాటే దృశ్యాన్ని టీవీలో చూసినప్పటి నుంచీ ఆయనకు అదే కోరిక. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, వేసవి సెలవుల లెక్కలోనే మే నెలలో బయలుదేరారు. అక్కడ వాన, బురద, ఏపుగా పెరిగిన గడ్డి. ఏనుగులు కనిపించాయి, సింహాలు కనిపించాయి. ఆయన కోరుకున్న మందలు మాత్రం లేవు. అప్పటికవి సరిహద్దు అవతల టాంజానియాలో, చాలా దక్షిణాన ఉన్నాయి. తీసుకువెళ్ళినవారు అబద్ధమేమీ చెప్పలేదు. మారా చూపిస్తామన్నారు, చూపించారు. “ఈ నెలలో మంద ఎక్కడ ఉంటుంది?” అని ఈయనే అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన చెల్లించిన ధర జీవితకాలపు పొదుపులో పెద్ద భాగం.

మరి మంద ఎక్కడ ఉంటుంది? మన మెట్టప్రాంతాల గొర్రెల కాపరులను అడిగితే సగం జవాబు వారే చెబుతారు. బళ్ళారి, అనంతపురం వైపు కాపరులు వాన ఎక్కడ పడిందో, మేత ఎక్కడ లేచిందో తెలుసుకుని మందను అటు తోలుతారు. అక్కడ తోలేవారు లేరు, అంతే తేడా. ఈ మందలలో ఎక్కువ భాగం విల్డెబీస్ట్ అనే జింక జాతి మృగాలు. చూడటానికి ఎద్దు కొమ్ములు, గుర్రం తోక, మేక గడ్డం ఒకే ఒంటికి అతికించినట్లు ఉంటాయి. ఇవి సుమారు 13 లక్షలు. వీటితో పాటు రెండు లక్షల దాకా చారల గుర్రాలు, ఇంకా లక్షల సంఖ్యలో గజెల్ అనే చిన్న జింకలు. వీటి మేతలో ఒక వరుస ఉంది. చారల గుర్రం పైనున్న ముదురు గడ్డిని కొరుకుతుంది. కిందనున్న ఆకుగడ్డి విల్డెబీస్ట్‌కు దొరుకుతుంది. ఆ తరువాత వచ్చే లేత చిగురు గజెల్‌కు. మొదటి పంక్తి లేస్తే రెండో పంక్తి కూర్చున్నట్లన్నమాట.

ఇక నెలల సంగతి. దీనిని కాగితం మీద రాసుకుంటే మంచిది. జనవరి చివర నుంచి మార్చి దాకా మందలు సెరెంగెటికి దక్షిణాన, ఎన్‌డూటు చుట్టుపక్కల పొట్టిగడ్డి మైదానాలలో ఉంటాయి. పాతకాలపు అగ్నిపర్వతాల బూడిద పడిన నేల అది. ఆ గడ్డిలో సున్నం, భాస్వరం ఎక్కువ. పాలిచ్చే తల్లులకు కావలసినవి అవే. ఫిబ్రవరిలో రెండు మూడు వారాలలోనే అత్యధిక భాగం ఈనుతాయి. దూడ పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి నిలబడుతుంది. ఏప్రిల్, మే పెద్ద వానల కాలం. మందలు పడమరకు, వాయవ్యానికి కదులుతాయి. జూన్ ప్రాంతంలో గ్రుమెటి నది దగ్గర ఉంటాయి. జూలై నుంచి అక్టోబరు దాకా ఉత్తర సెరెంగెటిలో, మసాయి మారాలో. మారా నదిని దాటే దృశ్యం ఈ నాలుగు నెలలలోనే. నవంబరులో చిన్న వానలు మొదలవగానే మళ్ళీ దక్షిణానికి తిరుగుముఖం.

ఇది పంచాంగం కాదు సుమండీ. వాన ముందు వెనుకలైతే మంద కూడా ముందు వెనుకలవుతుంది. అందుకే ఒక నెల, ఒక ప్రాంతం అనుకున్నాక అక్కడ కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి. ఒక్క రాత్రికని వెళ్ళడం దండగ.

ఈ లెక్కను మన సెలవులతో సరిచూద్దాం. పిల్లలున్న ఇంటికి వేసవి సెలవులు అనువు. కానీ నది దాటడం చూడాలంటే అవి పనికిరావు. ఆ నెలలలో అద్దెలు తక్కువని ఆశపెడతారు, తక్కువ ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. దసరా సెలవులు నయం. అక్టోబరు మొదటి సగంలో మందలు ఇంకా ఉత్తరానే ఉండే అవకాశం బాగా ఉంది. పదవీ విరమణ చేసినవారికైతే నా సలహా ఫిబ్రవరి. నది లేకపోవచ్చు గాని, ఒకే మైదానంలో వేలకు వేలు అప్పుడే పుట్టిన దూడలను చూడటం తక్కువేమీ కాదు.

రెండవ విషయం సరిహద్దు. దీనిని మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటిగా పెరిగినవాళ్ళం. బ్రిటన్, జర్మనీ 1886లో చేసుకున్న ఒప్పందంలో విక్టోరియా సరస్సు నుంచి కిలిమంజారో వైపు బల్లపెట్టి గీసినట్లు ఒక గీత గీశారు. నేటి కెన్యా, టాంజానియాల సరిహద్దు అదే. మసాయి ప్రజలు రెండు వైపులా మిగిలిపోయారు. మృగాలకు ఆ గీత తెలియదు, అవి దాటుతూనే ఉన్నాయి. మనం మాత్రం దాటలేం. పటంలో మారా, సెరెంగెటి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి గాని, మధ్యలో యాత్రికులను పంపే దారి లేదు. పడమర ఇసెబానియా మీదుగానో, తూర్పున నమంగా మీదుగానో చుట్టు తిరిగి, సాధారణంగా అక్కడ బండి కూడా మారి వెళ్ళాలి. దానికే ఒక రోజు పోతుంది. కనుక వారం రోజుల ప్రయాణమైతే ఏదో ఒక దేశమే ఎంచుకోండి.

కాగితాల విషయంలోనూ ఈ గీత అడ్డం వస్తుంది. కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి, ముందుగా కంప్యూటరు ద్వారా అనుమతి తీసుకునే పద్ధతి పెట్టింది. టాంజానియాకు వీసా వేరుగా తీసుకోవాలి. తూర్పు ఆఫ్రికా పర్యాటక వీసా అని ఒకటుంది. అది కెన్యా, ఉగాండా, రువాండాలకే చెల్లుతుంది, టాంజానియాకు చెల్లదు. పేరు చూసి మోసపోకండి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలైనా గడువు ఉండాలి.

అన్నింటికన్నా ముఖ్యం ఎల్లో ఫీవర్ టీకా. ఇది దోమకాటుతో వచ్చే జ్వరం. మన దేశంలో లేదు, రాకూడదని ప్రభుత్వం గట్టిగా కాపలా కాస్తోంది. కెన్యా వెళ్ళి తిరిగి వచ్చినప్పుడు ఈ టీకా పత్రం చూపలేకపోతే, విమానాశ్రయం నుంచి ఇంటికి పంపకుండా ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేస్తారు. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, ముంబై నగరాలలో ఉన్నాయి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి.

ఇక డబ్బు. ముంబై నుంచి నైరోబీకి నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం సుమారు ఆరు గంటలు. విమానం ఖర్చు తెలిసిందే. తెలియకుండా తగిలేది ప్రవేశ రుసుము. 2024లో మసాయి మారా రుసుము విదేశీయులకు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు అయింది. దసరాకు ఇద్దరు మూడు రోజులు చూడాలంటే గేటు దగ్గరే 1,200 డాలర్లన్నమాట. కాబట్టి ఎవరైనా ధర చెబితే, అందులో గేటు రుసుము కలిసి ఉందా లేదా అని రాతపూర్వకంగా అడగండి. బండి మనకొక్కరికేనా, పదిమందితోనా అనీ అడగండి. జీపు అద్దె ఇద్దరికైనా ఆరుగురికైనా దాదాపు ఒకటే కనుక, బంధువులు కలిసి వెళితే తలా కాస్త తగ్గుతుంది.

సామాను తక్కువ పెట్టుకోండి. మైదానంలో దిగే చిన్న విమానాలలో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. ఆవకాయ, పొడులు తీసుకువెళ్ళడం మన అలవాటు, తప్పు లేదు. కానీ ప్లాస్టిక్ సంచులలో కట్టకండి. కెన్యా 2017లో, టాంజానియా 2019లో వాటిని నిషేధించాయి. సీసాలో పోసి గుడ్డ సంచిలో పెట్టుకోండి. పొద్దున చలి వేస్తుంది, ఒక స్వెటరు ఉండాలి. శాకాహారులు భయపడనక్కరలేదు. మనవారు అక్కడికి వెళ్ళి నూరేళ్ళు దాటింది. 1896లో మొదలైన ఉగాండా రైలుమార్గానికి మన దేశం నుంచి ముప్పై వేలమందికి పైగా కూలీలు వెళ్ళారు. చపాతీ స్వాహిలీలోనూ చపాతీయే, దుకాణం ‘దుకా’, గాడీ ‘గారి’.

రెండు దసరాల కిందట నేనూ, మా బావమరిది కుటుంబమూ కలిసి వెళ్ళాం. మారా నది ఒడ్డున మొదటి రోజు మంద నీటి అంచుదాకా వచ్చింది. ఇంతలో మా ‘గారి’తో సహా ఇరవై బండ్లు అక్కడికి ఉరికాయి. ముందున్న చారల గుర్రం తలెత్తి చూసి వెనక్కి తిరిగింది. దానితో మంద మొత్తం దుమ్ములో కలిసిపోయింది. చేసిన తప్పులో మాకూ వాటా ఉంది. మర్నాడు మా డ్రైవరుకు ముందే చెప్పాం, దూరంగా ఆపమని. ఐదు గంటలు ఎండలో కూర్చున్నాం. చివరికి ఒకటి దూకింది. దాని వెనుక వందలు, ఆ వెనుక వేలు. 2025 జూలైలో టాంజానియా వైపు యాత్రికులు బండ్లు దిగి ఒడ్డునే నిలబడి మందకు దారి లేకుండా చేసిన దృశ్యం లోకమంతా చూసింది. అటువంటి చోట “దూరంగా ఆపు నాయనా” అనగలగడం కూడా ప్రయాణ సన్నాహంలో భాగమే.

ఎందుకంటే ఈ దారి శాశ్వతమేమీ కాదు. 1890ల నాటికి రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి ఈ మందలను దాదాపు తుడిచిపెట్టింది. 1961లో లెక్కపెడితే విల్డెబీస్ట్‌లు రెండున్నర లక్షల పైచిలుకే. చుట్టుపక్కల పల్లెల ఆవులకు టీకాలు వేసి ఆ రోగాన్ని అణచాక, 1977కి 13 లక్షలయ్యాయి. కాపాడింది ఆవుకు వేసిన టీకా! కానీ కెన్యాలోనే లోయిటా మైదానాల నుంచి మారాకు తిరిగే మరొక మంద, కంచెలు, సాగుభూములు అడ్డం రావడంతో, 1970ల చివరతో పోలిస్తే ముప్పాతిక వంతుకు పైగా తగ్గిపోయింది. సెరెంగెటి ఉత్తర భాగం గుండా తారురోడ్డు వేయాలన్న ఆలోచనను తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం 2014లో చట్టవిరుద్ధమని కొట్టివేసింది.

కనుక ప్రయాణం తలపెట్టినవారు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. ముందు టికెట్టు కొని తరువాత మందను వెతకకండి. ముందు మంద దారి తెలుసుకోండి, ఆ తరువాత మీ దారి వేసుకోండి. అక్కడికి చేరాక ఆ దారికి అడ్డం నిలబడకండి. రుసుములు, నియమాలు మారుతుంటాయి గనుక బయలుదేరే నెల రోజుల ముందు మరొకసారి సరిచూసుకోండి.